యాడి పరిచిన పక్క

జనగామ బజారులో, పట్టపగలు, పదిమంది తిరిగే దుకాణంలో, హైస్కూల్లో పాఠాలు చెప్పే ఆడమనిషి చెప్పులు విడిచి నేలమీద ఒక పక్కకు తిరిగి పడుకుంటే చూసినవాళ్లు ఏమనుకుంటారు? ఏమైనా అనుకోనీ. మొన్న డిసెంబరులో అలా పడుకున్నది నేనే, అందులో నాకు సిగ్గేమీ లేదు. సిగ్గంతా మావాళ్లు పడ్డారు.

సంగతేమిటంటే, సెలవుల్లో మేమూ, మా ఆయనతో పనిచేసేవాళ్ల ఇంకో రెండు కుటుంబాలూ కాటారం అవతల అడవి అంచున రెండు రోజులు డేరాలు వేసుకుని గడుపుదామనుకున్నాం. డేరాలు వాళ్లు తెస్తామన్నారు. వంటసామాను ఒకరికి, పక్కబట్టలు నాకు. మా ఆయన ఫోను ముందు పెట్టి గాలి నింపుకునే పరుపులు చూపించాడు. నేను ససేమిరా అన్నాను. ఒళ్లు ఆనించకుండా పక్క కొనడమేమిటి, కొనేది పుస్తకమా? నలుగురం బయల్దేరి దుకాణానికి వెళ్లాం.

దుకాణాయన ఓపికున్న మనిషి. గాలి పరుపు నింపి చూపించాడు. రంగురంగుల ప్లాస్టిక్ చాప పరిచాడు. వేలెడు మందం ఉన్న స్పంజి చాప చుట్ట విప్పాడు. పిల్లలిద్దరూ ముగ్గురు పట్టే గాలి పరుపు మీద ఎగురుతున్నారు. నేను వాళ్లను దింపి, దాని మీద ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు కొంచెం మడిచి, కొంగు మొహం మీదికి లాక్కుని పడుకున్నాను. తరవాత ప్లాస్టిక్ చాప మీద. తరవాత స్పంజి చాప మీద. బండల నేల, డిసెంబరు చలి.

"మేడం, కండ్లు తిరిగినయా? నీళ్లు తెప్పియ్యాల్నా?" అన్నాడు దుకాణాయన.

"అమ్మా, లెవ్వు! అందరు చూస్తున్నరు," అని మా పెద్దది నా చెయ్యి పట్టుకుని గుంజింది.

"ఆగు బిడ్డా. తుంటి ఇంకా చెప్పలే," అన్నాను.

అన్నాకే నాకు తట్టింది. ఆ మాట నాది కాదు. ఆ పడుకోవడమూ నాది కాదు, ఆ కొంగు మొహం మీదికి లాక్కోవడమూ నాది కాదు. ఎన్నేళ్లుగానో తలుచుకోని మనిషి నా ఒంట్లోంచి లేచి మాట్లాడింది.

స్పంజి చాపలే తీసుకున్నాను. గాలి పరుపు మెత్తగానే ఉంది కానీ, దాని లోపలి గాలి కాసేపటికి చల్లబడి నడుముకు తగిలింది. ప్లాస్టిక్ చాప సంగతి నాకు ముందే తెలుసు. ఆ మాట తరవాత చెబుతాను.

ఇంటికొచ్చి భూపాలపల్లిలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు అక్కడ బొగ్గు గనిలో పెద్ద బండి నడుపుతాడు. "యాడి ఎట్లున్నదిరా? ఊరికి పోయినప్పుడు కనపడ్డదా?" అని అడిగాను.

"యాడి పోయింది గదక్కా. వానకాలంల. అమ్మ నీకు చెప్పలేదా?"

"నువ్వు పోయినవా మరి?" అన్నాను.

"అమ్మ పొమ్మంటె పోయిన. దండేసి వచ్చిన. ఆమె చేసింది నాకేం యాదికుంటదక్కా? గప్పుడు నేను చంటిపిల్లగాన్ని."

కోపం వచ్చింది. వాడి మీద, నాకు చెప్పని అమ్మ మీద, అన్నిటికంటే ఎక్కువగా అడగని నా మీద. దండేసి వచ్చాడట! ఎవరి మెడలో దండ వేశాడో వాడికి తెలియాలి. తెలిసేదాకా నేను ఊరుకోను. వాడు ఉత్తరాలు చదివే మనిషి కాదు, అయినా ఇది రాస్తున్నాను. చదివించే పూచీ నాది.

ఆమె పేరు మాకెవరికీ తెలియదు. బయ్యారం దగ్గర మా ఊరిని ఆనుకుని ఒక తండా. ఆ తండావాళ్ల భాషలో అమ్మను యాడి అంటారు. తండా అంతా ఆమెను యాడి అనేది, వినివిని మా ఊళ్లో పిల్లలం కూడా అదే పిలిచాం. మా అమ్మ మాత్రం "అక్కా" అనేది. వాళ్లవాళ్లతో వాళ్ల భాష, మాతో మా తెలుగు. కోపం వస్తే ఏ భాష ముందు దొరికితే ఆ భాష.

పొడుగు మనిషి. రవిక చేతికి ఎప్పుడూ దారం ఎక్కించిన దబ్బనం గుచ్చి ఉండేది. ఎవరింట్లో చినిగిన సంచి కనపడినా, అడగకుండానే కూర్చుని కుట్టిపోయేది. ఎవరైనా పీట వేస్తే ముందు పిడికిలితో నొక్కి చూసి కూర్చునేది. పెళ్లిచూపులకు తోడుగా తీసుకుపోతే మగపెళ్లివారి పొలాలు, ఎడ్లు చూసేది కాదు. తిన్నగా లోపలికి నడిచి, "మా పిల్లను ఏడ పండవెడ్తరు?" అని అడిగేది. అడిగి, అక్కడ తను పడుకుని చూసేది. ఒక సంబంధం ఆమె లేచి తల అడ్డంగా ఊపినందుకే తప్పిపోయిందని చెప్పుకునేవాళ్లు.

నా పెళ్లయ్యాక జనగామలో మా అద్దె ఇంటికి ఒకసారి వచ్చింది. మంచినీళ్లు కూడా తాగకముందే పడకగదిలోకి వెళ్లి, మా కొత్త మంచం మీద ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. మా అత్తగారు ముక్కున వేలేసుకుంది. చాలాసేపటికి యాడి లేచి, "పక్క మంచిదే బిడ్డా. కిటికీకి జర సందున్నది, గుడ్డ వెట్టు," అంది. అప్పుడు గానీ నీళ్లు తాగలేదు.

మానుకోట అంగడిలో ఆమె గొంగడి కొనడం నేను చూశాను. అమ్మేవాడు, "చెయ్యి వెట్టి చూడవ్వా, ఎంత ఎచ్చగున్నదో" అంటాడు. ఆమె చెయ్యి పెట్టదు. గొంగడి తీసి ఉత్త నేల మీద పరిచి పడుకుంటుంది. కొంగు మొహం మీద. జనం చుట్టూ నడిచిపోతుంటారు, మేక ఒకటి వాసన చూసిపోతుంది, ఆమె కదలదు. అమ్మేవాడికి తల ప్రాణం తోకకొచ్చేది.

"చెయ్యికేంది, జర గోరెచ్చగ తాకితె సాలు, సంబరపడ్తది. తుంటి గట్ల కాదు. నిదానంగ చెప్తది, నిజం చెప్తది," అనేది నాతో. "మనిషి మూడు తావులనే భూమికి ఆనుతడు. బుజం, తుంటి, మడిమె. గా మూడు ఎచ్చగుంటె మనిషి ఎచ్చగుంటడు."

ఆమె మేస్త్రి. చలికాలం వచ్చిందంటే ఇరవై ముప్పై మంది ఆడవాళ్లను వెంటేసుకుని మిరపకాయ ఏరడానికి కాటారం దిక్కు పోయేది. కుటుంబాలకు కుటుంబాలే పోయేవి, పిల్లాపాపలతో. నెలా రెండు నెలలు తోట పక్కనే గుడిసెలు వేసుకుని ఉండటం. మా నాన్నకు సొంత సేద్యం కాబట్టి మేమెప్పుడూ పోలేదు. నాకు పదకొండేళ్లప్పుడు మా బోరు ఎండింది. పంట చేతికి రాలేదు. నాన్న నాయనమ్మనూ బర్లనూ చూసుకుంటూ ఊళ్లో ఉన్నాడు. అమ్మ నన్నూ, పది నెలల తమ్ముణ్ణీ తీసుకుని యాడి గుంపులో కలిసింది.

డీసీఎం వ్యాన్ ఎక్కే ముందు యాడి అందరి మూటలూ విప్పించి చూసింది, పరీక్ష హాల్లో మేం పిల్లల జేబులు చూసినట్టు. మా మూటలో రెండు లావాటి బొంతలు, ఒక దుప్పటి, నెమళ్ల బొమ్మలున్న కొత్త ప్లాస్టిక్ చాప.

"గిదేంది చెల్లె?"

"చాప అక్కా. తేలికుంటది, తుడిస్తె సాఫ్ అయితది."

"ఎండకాలం చాప గది. మరి బొంతలు?"

"కప్పుకుంటందుకు."

"రెండూ కప్పుకుంటందుకేనా? కిందికి?"

మా అమ్మదీ తక్కువ మొండితనం కాదు. మూట మళ్లీ కట్టేసింది. కప్పుకోవడానికి మందంగా ఉంటే చాలు, కింద ఏదో ఒకటి ఉంటే సరి అనే లెక్క మా ఇంట్లో అందరిదీ. పుట్టినప్పటినుంచీ మట్టి మిద్దెలో పొయ్యి పక్కన పడుకున్నవాళ్లం, ఉత్త నేల చలి మాకేం తెలుసు? యాడి ఒకసారి అమ్మ చంకలో ఉన్న తమ్ముడి వైపు చూసి, "సరె, ఆడ గడ్డి దొరుకుతది తియ్యి," అంది.

దొరకలేదు. ఎప్పుడూ పోయే రైతు దగ్గరికి కాక, ఆ ఏడు కొత్త రైతు తోటకు పోయాం. వాగు ఒడ్డున నల్లరేగడి. అప్పుడే నీళ్లు పారించిన నేల. వెదురుబద్దలు వంచి పైన తాటిపత్రి, అదే టార్పాలిన్, కప్పి పన్నెండు గుడిసెలు వేసుకున్నాం. ఆ రైతును అందరూ పటేల్ అనేవాళ్లు, చెడ్డవాడేం కాదు. కట్టెలిచ్చాడు, నీళ్లకు మోటరు వేశాడు. వరిగడ్డి అడిగితే మాత్రం కుదరదన్నాడు. "మనుషులు తొక్కిన గడ్డి బర్లు ముట్టవు. పైంగ మీ పొయ్యిల పక్కన గడ్డేస్తె నిప్పంటుకుంటది. నా తోట, మీ పానాలు, అన్నీ పోతయ్," అన్నాడు. ఆ మాటలో న్యాయం ఉంది, అందుకే మొదట యాడి కూడా గట్టిగా అడగలేదు.

నాలుగో రోజుకు తమ్ముడికి దగ్గు పట్టుకుంది. ఆరో రోజుకు డొక్కలెగరేయడం మొదలుపెట్టాడు. పాలు పట్టడు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. కాటారం దవాఖానకు తీసుకుపోతే, నిమ్ము చేసిందని చెప్పి డాక్టరు సూది వేసి మందులిచ్చాడు. "మందు నేనిచ్చిన. ఎచ్చగ ఉంచుడు మీ పని. రేపెల్లుండికి తగ్గకపోతె వరంగల్ తోలుకపోవాలె," అన్నాడు.

అమ్మ ఆ రాత్రి రెండు బొంతలూ, దుప్పటీ వాడి మీదే కప్పింది. నేనూ అమ్మా చెరో పక్క ముడుచుకున్నాం. పొద్దున యాడి వచ్చింది. అందరూ వాడి నుదురు మీద చెయ్యి పెట్టి చూస్తే, ఆమె చెయ్యి వాడి వీపు కిందికి పోనిచ్చింది. ఆ చెయ్యి తీసి అమ్మ చెంపకు ఆనించింది. మంచులా ఉందని అమ్మ అదిరిపడింది. నెమళ్ల చాప కింద నేలంతా చెమ్మగిల్లి ఉంది.

"మీద ఎన్ని కప్పితె ఏం ఫాయిదా? సలి కిందినుంచి తాగుతున్నది నీ పిల్లగాన్ని."

అమ్మ భోరుమంది. "నేను ఇంటికి పోత అక్కా. నాకు వద్దు గీ పని."

"ఎట్ల పోతవ్? మూడు బస్సులు మారాలె. కిటికీలకు అద్దాలుండయ్. గా గాలికి పిల్లగాడు ఇల్లు చేరుతడా?" యాడి అమ్మ భుజం పట్టుకుని ఊపింది. "పోవుడు లేదు. గీడనే బతికిచ్చుకుందం. ఏడ్వకు."

బయటికొచ్చి ఒక్క కేక వేసింది. తోటలోకి నడుస్తున్న ఆడవాళ్లంతా ఆగిపోయారు. మిరపకాయలు ఏరి వేసుకునే గంపలు పన్నెండు గుడిసెల ముందు బోర్లించమంది. బోర్లించారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

పటేల్ వచ్చేసరికి ఎవరూ తోటలో లేరు. గంపలు బోర్లా ఉన్నాయి, వాటి మీద ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎర్రగా పండిన కాయ చెట్టుమీదే ఉంది. అతని మొహం మాడిపోయింది.

"ఏందిది?"

"గడ్డి, పటేలా."

"చెప్పిన గద నిప్పంటుకుంటదని."

"పొయ్యిలు గట్టు అవుతలకు మారుస్తం. గుడిసెలల్ల దీపం గూడ పెట్టం. నీ తోటకు ఏమన్నయితె నా తండా మొత్తం ఊకెనే పనిచేస్తది. ఇంకేం గావాలె?"

"బర్లు ఏం తినాలె మరి?"

యాడి ఇంకేం వాదించలేదు. మా గుడిసెలోకి వెళ్లి, తమ్ముణ్ణి తీసి అమ్మకిచ్చి, నెమళ్ల చాప పక్కకు లాగి, ఆ తడి నేల చూపించింది.

"పటేలా, గీడ పండు."

"ఏందీ?"

"పక్కకు తిరిగి పండు. నేను నూరు లెక్కవెడ్త. నూరు అయ్యెదాంక పండుకోగలిగినవనుకో, గడ్డి ముచ్చట తియ్య. గంపలు ఎత్తుకొని తోటల వడ్తం."

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పటేల్ నవ్వబోయి ఆగిపోయాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా? ఇంతమంది ముంగట నన్ను పండుమంటవా?" అన్నాడు. యాడి అక్కడే నిలబడింది, తలుపు లేని గుడిసెకు తనే తలుపైనట్టు. పక్కకు జరగలేదు, గొంతు పెంచలేదు. మా అమ్మ చేతుల్లో తమ్ముడి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకైతే పటేల్ కోపంతో మమ్మల్నందరినీ వెళ్లగొడతాడని భయమేసింది.

అప్పుడే పటేల్ భార్య టీ క్యాన్ పట్టుకుని గట్టు మీదుగా వచ్చింది. ఏం జరుగుతోందని అడిగింది. ఎవరో చెప్పారు. ఆమె క్యాన్ కింద పెట్టింది. నా ముందునుంచే గుడిసెలోకి వెళ్లింది. పొద్దున్నే తానం చేసి కట్టుకున్న చీరతో ఆ నల్లమట్టి మీద, తమ్ముడు పడుకున్న చోటే, పక్కకు తిరిగి పడుకుంది.

యాడి లెక్కపెట్టడం మొదలుపెట్టింది, వాళ్ల భాషలో. మాకు ఆ అంకెలు అర్థం కావు, ఎంతదాకా వచ్చిందో తెలియదు. ఆమె తొందరపడి లెక్కపెట్టనూ లేదు, సాగదీయనూ లేదు. సగం అయిందో లేదో, పటేల్ భార్య నడుము పట్టుకుని లేచి కూర్చుంది. చీర ఒక పక్కంతా తడి. తమ్ముడి వైపు చూసింది. తరవాత మొగుడి వైపు చూసింది.

"బండి కట్టుమను. సగం వామి ఇప్పి ఎయ్యుమను," అంది.

"బర్లు ఏం తింటయే?"

"బర్లకు నేను కోసుకొస్త. గా పిల్లగానికి ఏమన్నయితె నీ తోటల మల్ల అడుగు వెడ్తనా నేను?"

మధ్యాహ్నానికి గడ్డి బండి వచ్చింది. ఆ పూట ఎవరూ కాయ ఏరలేదు, పటేల్ కూడా ఏరమనలేదు. యాడి గుడిసె గుడిసెకు తిరిగి పని చెప్పింది. ముందు గడ్డలూ రాళ్లూ ఏరి నేల సదును చేయాలి. దాని మీద యూరియా సంచులు విప్పి కుట్టిన పట్ట. చెమ్మ అక్కడే ఆగాలి. పట్ట మీద జానెడు మందం ఎండు గడ్డి, అడ్డం ఒక వరస, నిలువు ఒక వరస. దాని మీద ఈత చాప, మాకు పక్క గుడిసెవాళ్లు ఒకటిచ్చారు. అప్పుడు మనిషి. ఒక్కో గుడిసెలో పరవడం అయ్యాక తను పడుకుని చూసేది. రెండు గుడిసెల్లో విప్పించి మళ్లీ పరిపించింది. పట్ట చాలని చోట అక్కడికక్కడే దబ్బనంతో సంచులు అతికింది. మా నెమళ్ల చాపను గుడిసెకు గాలి వచ్చే వైపు అడ్డంగా కట్టించి, "దీనికి గిదే పని," అంది.

మా గుడిసెలో రెండుసార్లు పడుకుంది. రెండోసారి లేచి, తన గుడిసెకు పోయి గొంగడి తెచ్చింది. మానుకోట అంగడిలో అంతసేపు పడుకుని ఎంచుకున్నది, ఎవర్నీ ముట్టనిచ్చేది కాదు. అమ్మ అది చూసి తమ్ముడి మీద కప్పబోయింది. యాడి ఆమె చేతిలోంచి లాక్కుని ఈత చాప మీద పరిచింది.

"మీద కాదే చెల్లె! కింద! ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

అమ్మ మొదటిసారి ఎదురు చెప్పలేదు. డాక్టరిచ్చిన మందు పట్టించి, తమ్ముణ్ణి ఆ గొంగడి మీద పడుకోబెట్టి, కడుపుకు ఆనించుకుని గాలి వైపుకు తను పడుకుంది. నేను వాడి కాళ్ల దగ్గర పడుకున్నాను. కాసేపు దగ్గు వినపడుతూనే ఉంది. యాడి వచ్చి వాడి వీపు కింద చెయ్యి పెట్టి చూసిపోవడం తెలుస్తూనే ఉంది. తరవాత నాకేమీ తెలియలేదు.

మెలకువ వచ్చేసరికి తాటిపత్రి సందులోంచి ఎండ పడుతోంది. బాగా పొద్దెక్కింది. అమ్మ నోరు తెరుచుకుని నిద్రపోతోంది. వారం రోజులుగా ఆమె కన్ను మూయడం నేను చూడలేదు. దగ్గు వినపడటం లేదు. ఏ చప్పుడూ వినపడటం లేదు. బొంత కింద తమ్ముడు కదలకుండా ఉన్నాడు.

వాణ్ణి ముట్టుకోవడానికి భయం, అమ్మను లేపడానికి ఇంకా భయం. గుడిసెలోంచి దూకి, గట్టు అవతల పొయ్యిల దగ్గరికి ఉరికాను.

"యాడీ! తమ్ముడు కదుల్తలేడు!"

ఆమె చేతిలో గంటె జారిపడింది. అంత పొడుగు మనిషి నాకంటే ముందు ఉరికింది. గుడిసెలో మోకాళ్ల మీద పడి, చెయ్యి వాడి వీపు కిందికి పోనిచ్చింది. అలాగే ఉంచింది.

చెయ్యి బయటికి తీసింది. అరచెయ్యి తడిగా మెరుస్తోంది.

"ఉచ్చ పోసిండా?" అన్నాను.

"కాదే," అంది. "చెమట."

ఆ తడి అరచేతిని తన మొహానికి రాసుకుంది, రెండు చెంపలకూ. తమ్ముడు పెదవులు చప్పరించి, అటు తిరిగి మళ్లీ నిద్రపోయాడు. మా మాటలకు అమ్మ దిగ్గున లేచి కూర్చుంది. యాడి మొహం మీద తడి చూసి, మేం చెప్పకముందే ఏదో అనుకుని, గుండెలు బాదుకుంటూ శోకం ఎత్తుకుంది.

"ఏయ్, చెల్లె! ఏడుపు బంజెయ్యి," అని కసిరింది యాడి. "మీదున్న బొంత ఒకటి తియ్యి. పిల్లగానికి ఉడుకపోస్తున్నది."